గంధకం పెట్టించిన స్కేలు

భిలాయిలో మా క్వార్టరు వంటింట్లో ఒక గూడు ఉండేది. అందులో పెట్టుకోవడానికని మా నాన్న టేకు చెక్కతో అమ్మకి చిన్న పూజామందిరం చేశాడు. అది గూట్లో పట్టలేదు. తేడా అర అంగుళం కూడా ఉండదు. “గోడ కట్టినోడికి కొలత రాదు” అని నాన్న క్వార్టరుని తిట్టి, మందిరాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టాడు. దానికో చిన్న ఇత్తడి గంట వేలాడుతుండేది కాబట్టి, మా ఇంట్లో ఎవరు పెరుగు కోసం ఫ్రిజ్ తలుపు తీసినా దేవుడికి గంట కొట్టినట్టే ఉండేది.

ఆ తర్వాత నా పుస్తకాల అర చేశాడు. అదీ మూలలో ఇమడకుండా అంతే తేడాతో బయటికి పొడుచుకు వచ్చింది. మంచం పక్క బల్ల కూడా అంతే. నాన్న చేసిన ప్రతి వస్తువూ నిఖార్సైనదే, మా క్వార్టరులో ప్రతి గోడా తప్పే. ఇరవై ఏళ్లు మేం అలాగే నమ్మాం.

నమ్మడానికి కారణం ఉంది. నాన్న ఉక్కు ప్లాంటులో ప్యాటర్న్ మేకరు. ఏ యంత్రభాగాన్నయినా పోతపోయాలంటే ముందు దాన్ని చెక్కతో చేసి, ఇసుకలో గుద్ది అచ్చు తీయాలి. ఆ చెక్క వస్తువునే ప్యాటర్ను అంటారు. విజయనగరం నుంచి ఉలి, చిత్రిక పట్టుకుని వచ్చిన మనిషి, పాతికేళ్లలో ఆయన చేతి ప్యాటర్ను ఒక్కటి కూడా వెనక్కి రాలేదని వర్క్‌షాపులో పేరు. అలాంటి మనిషిని అనుమానించడం కన్నా గోడని అనుమానించడం తేలిక.

తొంభైలు చివరికొచ్చాయి. మా ఊరు ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఫార్మసీలో పై చదువు పూర్తిచేసి, పరిశోధన కోసం రోజూ రాయ్‌పూర్‌కి లోకల్ రైల్లో వెళ్లి వస్తున్నాను. నా పంతం ఒకటే. ఒంట్లో ప్రోటీన్లు ఒంటరిగా బతకవు, ఒకదాన్నొకటి పట్టుకుని పనులు చక్కబెట్టుకుంటాయి. కొన్ని జబ్బుల్లో రెండు ప్రోటీన్లు పట్టుకోకూడని సమయంలో పట్టుకుని, ఎంతకీ వదలవు. ఆ రెంటి మధ్యా దూరి విడదీసే చిన్న అణువుని నేను గీసి, తయారు చేసి చూపించాలి.

చిక్కేమిటంటే, మామూలు మందులకి ప్రోటీన్‌లో ఒక లోతైన గుంట దొరుకుతుంది. తాళంచెవిలా అందులో దూరి కూర్చుంటాయి. రెండు ప్రోటీన్లు ఆనుకునే చోట అలాంటి గుంట ఉండదు. చదునుగా, విశాలంగా ఉంటుంది. అక్కడ చిన్న అణువు నిలవదని అప్పట్లో పెద్దవాళ్లందరి అభిప్రాయం.

ఆ పెద్దవాళ్లలో ఒకాయన మా కమిటీలోనే ఉన్నాడు. పరిశోధన అంశాన్ని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే ఐదుగురిలో ఆయన మాటే మాట. అంతకుముందు ఏడాది ఇలాంటి అంశంతో వచ్చిన ఒకతన్ని “గోడకి మందు అంటదు” అన్న ఒక్క వాక్యంతో ఇంటికి పంపాడు. ఒకసారి కాదన్న అంశాన్ని మళ్లీ తేకూడదని రూలు. కాదంటే నాకు వేపాకు కషాయం ఇస్తారు, అంటే తాగడానికి కాదు, పరిశోధించడానికి. అప్పటికే మా విభాగంలో నలుగురు వేపాకు మీద ఉన్నారు. ఆ నలుగురి ముఖాలూ వేపాకు తిన్నట్టే ఉండేవి. ఐదో ముఖం నాది కాకూడదని రోజూ ఫ్రిజ్ మీది దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం వరండాలో నాన్న టీ తాగుతుంటే, రెండు చపాతీలు ఒకదాని మీదొకటి పెట్టి నా గోడు చెప్పాను. ఇంత విశాలంగా ఆనుకున్న చోట చిన్న అణువు ఏం చేయగలదని అందరూ నవ్వుతున్నారని చెప్పాను.

“ఇంత మేర అంటుకున్నాయి సరే. పట్టు ఎక్కడుంది?” అన్నాడు నాన్న.

నేను ఉలిక్కిపడ్డాను. సరిగ్గా అదే ప్రశ్న మీద అప్పటికి కొద్దికాలంగా పేపర్లు వస్తున్నాయి. పట్టు అంతటా సమానంగా ఉండదని, రెండు మూడు చోట్లే ఉంటుందని, మిగతా ఉపరితలం పెద్దగా బరువు మోయదని తేల్చారు. నా రెండు ప్రోటీన్లలో అవి మూడు చోట్లు. ఒకదాని మీద మూడు చిన్న చొట్టలు, రెండోదాని మీద వాటికి సరిపడే మూడు బొడిపెలు.

“అంతేనేటి? అది మా డోవెల్ పిన్నే కదే అమ్మీ,” అన్నాడు నాన్న. “రెండు ముక్కల ప్యాటర్ను పిన్నుల మీదే నిలబడతాది. మిగతాదంతా ఊరికే ఆనుకుని ఉంటాది. పిన్ను కన్నంలో ఇంకోటేదైనా దూర్సీసేవనుకో, రెండు ముక్కలూ కలవ్వు.”

రెండేళ్లు లైబ్రరీలో కూర్చుని నేను తెలుసుకున్నదాన్ని టీ చల్లారేలోపు చెప్పేశాడు. నాకు సంతోషం కలగాలి. నిజం చెప్పాలంటే ఒళ్లు మండింది.

“నోటితో సెప్తే ఆళ్లు నమ్మరు. సేతికిస్తే నమ్ముతారు. డ్రాయింగియ్యి, సేసిస్తాను,” అన్నాడాయన.

హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న ఫ్లాపీలో ఆ ప్రోటీన్ల కొలతలు ఉన్నాయి. పరమాణువుల ప్రపంచంలో కొలమానం ఆంగ్‌స్ట్రామ్. కోటి కలిస్తే ఒక మిల్లీమీటరు. నేను ఒక్కో ఆంగ్‌స్ట్రామ్‌ని రెండు సెంటీమీటర్లకి పెంచి, పొరలు పొరలుగా గ్రాఫు కాగితం మీద గీసి ఇచ్చాను. నాన్న నెల రోజులు డ్యూటీ దిగగానే వరండాలో కూర్చుని చెక్కాడు. నెల తిరిగేసరికి రెండడుగుల పొడవున్న రెండు ప్రోటీన్లు తయారు. వార్నిష్ కూడా వేశాడు. ఒకదాని మీద ఒకటి పెడితే గాలి బయటికి వచ్చే చప్పుడుతో అతుక్కునేవి. అమ్మ చొట్టలున్న ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, “పని అయ్యాక నాకిచ్చియ్యండి, మామిడి ముక్కలెండబెట్టుకుంటాను” అంది.

అణువుని నేనే చేశాను. సైకిల్ చక్రం పుల్లలు, రబ్బరు బంతులు, నా ప్లాస్టిక్ స్కేలు. మూడు కాళ్లున్న బొమ్మ అది. మూడు కాళ్లూ మూడు చొట్టల్లో దిగితే రెండో ప్రోటీన్‌కి చోటుండదు. అదే నా సిద్ధాంతం మొత్తం.

దింపి చూశాను. రెండు కాళ్లు దిగాయి. మూడోది చొట్ట గట్టు మీద ఆగిపోయింది. ఆరు మిల్లీమీటర్లు తక్కువ.

“నీ లెక్కలో ఎక్కడో పోయింది,” అన్నాడు నాన్న.

“నా లెక్క పోలేదు. నీ చెక్కే పోయిందేమో చూడు.”

నాన్న లేచి నిలబడ్డాడు. ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనని మాట అన్నాను మరి. చిత్రిక ముక్కలు ఊడ్చుకుని లోపలికి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాతో పని ఉంటే అమ్మ ద్వారా చెప్పించాడు.

మూడో రోజుకి నేనే దిగి వచ్చాను. పాతికేళ్లుగా వెనక్కి రాని చేతికీ, రెండేళ్ల నా చదువుకీ పోటీ ఏమిటనిపించింది. తప్పు నా అణువుదే అనుకున్నాను. ఒక కాలు మలుపు దగ్గర ఉన్న ఆక్సిజన్ తీసేసి దాని చోట గంధకం పెట్టాను. గంధకం బొద్దు పరమాణువు, దాని చేతులు కాస్త పొడుగు. ఆ ఒక్క మార్పుతో మూడో కాలు సాగి, చక్కగా చొట్టలో కూర్చుంది. విభాగంలోని కంప్యూటర్‌లో రెండు రకాలూ వేసి చూస్తే దాదాపు ఒకే మార్కులిచ్చింది. అప్పటి ప్రోగ్రాములు చాలా ఉదార స్వభావులు.

గంధకం అన్న మాట వినగానే నాన్న మౌనవ్రతం వదిలేశాడు. “గంధకమేటే? ఇనుములోంచి గంధకం తియ్యడానికి ప్లాంటు ప్లాంటంతా సస్తన్నారు. నువ్వు కోరి కోరి ఎడతావా?”

“నీ చెక్కే పెట్టించింది,” అన్నాను.

నా పరిశోధనకి గైడుగా ఉన్న మేడంకి గంధకం నచ్చింది. గంధకంతోనే సినాప్సిస్ టైపు చేయించి ఐదుగురు కమిటీ సభ్యులకీ పంపించాం.

కమిటీ ముందు నేను ఇవ్వాల్సిన సెమినార్‌కి ముందురోజు ఉదయం ప్రొజెక్టర్ షీట్ల మీద గీతలు గీసుకుంటున్నాను. ప్లాస్టిక్ స్కేలు కనిపించక నాన్న సంచీలోంచి ఉక్కు స్కేలు తీసుకున్నాను. ముప్పై సెంటీమీటర్ల గీత గీశాను. తర్వాత ప్లాస్టిక్‌ది పరుపు కింద దొరికింది. ఊరికే ఆనించి చూస్తే ఆ గీత ముప్పై దాటి ఆరు మిల్లీమీటర్లు పోయింది. భిలాయి ఎండకి నా స్కేలు ముడుచుకుపోయిందేమో అనుకున్నాను. జామెట్రీ బాక్సులోది తెచ్చి పెట్టాను. అదీ అదే మాట చెప్పింది. అప్పుడు ఉక్కు స్కేలు చివర అరిగిపోయిన అక్షరాలు చూశాను. ఉక్కుకి, వందకి రెండు, అని చెక్కి ఉంది.

కరిగిన లోహం చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని ప్యాటర్నుని ఆ మేరకు పెద్దదిగా చేయాలి, ఆ అదనపు కొలతనే అలవెన్సు అంటారు. ప్రతిసారీ లెక్క కట్టే బాధ లేకుండా ప్యాటర్న్ మేకర్ల స్కేలు మీద గీతల్నే కాస్త ఎడంగా కొట్టి ఉంచుతారు. ఆ స్కేలు మీద సెంటీమీటరు లోకంలోని సెంటీమీటరు కాదు. నేను తల ఎత్తి వంటింట్లోకి చూశాను. ఫ్రిజ్ మీద మందిరం కనిపించింది. ఇరవై ఏళ్లుగా తిట్లు తింటున్న గోడలన్నీ ఆ ఒక్క క్షణంలో నిర్దోషులయ్యాయి.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గంధకం గుర్తొచ్చింది. తప్పు కొలతని నమ్మి పెట్టిన గంధకాన్ని ఐదుగురికీ పంపేశాం.

నాన్న డ్యూటీ దిగి రాగానే రెండు స్కేళ్లూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. “డ్రాయింగొస్తే ప్యాటర్నుకి అలవెన్సు ఎయ్యాల. అడగక్కర్లేదు, సెప్పక్కర్లేదు. మా గురువు నేర్పిన మొదటి ముక్కది.”

“ప్రోటీన్‌ని ఎవరూ పోతపొయ్యరు నాన్నా.”

ఆయన “అదీ నిజమేలే” అని మంచినీళ్ల కోసం లేచాడు. వెళ్తూ ఒక్కసారి ఫ్రిజ్ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

మళ్లీ టైపు చేయించే టైము లేదు. నేను అబద్ధం చెప్పడానికి నిర్ణయించుకున్నాను. కమిటీలో ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. మూడు కాళ్లూ దిగుతున్నాయి, చూసేవాళ్లకి అది చాలు. గంధకం ఎందుకని అడిగితే చెప్పడానికి అద్దం ముందు నిలబడి మూడు నిమిషాల ఉపన్యాసం బట్టీపట్టాను. చాలా బాగా వచ్చింది. నాకే నమ్మాలనిపించింది.

మర్నాడు నాన్న సెలవు పెట్టి నాతో వచ్చాడు. రైల్లో గోనెసంచీ చుట్టిన ప్రోటీన్‌ని సీట్ల మధ్య పెట్టాం. జామకాయలమ్మే ఆవిడ తన బుట్ట దాని మీద దింపింది. “దీదీ, ఉస్ పే మత్ రఖో, ప్రోటీన్ హై,” అని దాని మీద పెట్టొద్దన్నాడు నాన్న గంభీరంగా. ఆవిడ గోనె పక్కకి జరిపి చూసి, ఇది పప్పులా లేదే అంది హిందీలో. నాన్న తన టిఫిన్ బాక్సు జరిపి బుట్టకి చోటిచ్చాడు.

సెమినార్ గది బయట బెంచీ మీద నాన్న కూర్చున్నాడు. లోపల ఐదుగురు. నేను బొమ్మని బల్ల మీద పెట్టి, రెండు ప్రోటీన్లని కలిపి, విడదీసి, మధ్యలో అణువుని దింపి చూపించాను. గోడకి మందు అంటదన్న ఆ పెద్ద ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. బొమ్మని చేతుల్లోకి తీసుకుని మూడు చొట్టల్లోనూ వేలు పెట్టి చూశాడు. కాళ్లు దింపాడు, తీశాడు, మళ్లీ దింపాడు. నాన్న చెప్పినట్టే జరుగుతోంది, చేతికి అందితే నమ్ముతున్నారు. వేపాకు వాసన దూరమవుతున్నట్టనిపించింది.

“అచ్చుగుద్దినట్టు కూర్చుంది,” అన్నాడాయన. “గంధకం దగ్గరికి ఎలా వచ్చావమ్మా?”

ఉపన్యాసం నాలుక చివరే ఉంది. నోరు తెరిచాను కూడా. తలుపు సగం తెరిచి ఉంది. అందులోంచి నాన్న కనిపించాడు. టిఫిన్ బాక్సు ఒళ్లో పెట్టుకుని, హాజరు పిలుస్తారేమో అన్నట్టు నిటారుగా కూర్చున్నాడు. ఆ మనిషి చేసిన వస్తువు చేతిలో పెట్టుకుని అబద్ధం చెప్పడానికి సిగ్గేసింది. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు.

“గంధకం మా నాన్న స్కేలు వల్ల వచ్చింది సార్,” అన్నాను.

మొత్తం చెప్పేశాను. గైడు మేడం కళ్లు మూసుకుంది. నాకు మాత్రం ఇంకా చెప్పాలనిపించి పూజామందిరం సంగతి కూడా చెప్పాను. ఒక సభ్యుడు దగ్గుతున్నట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పెద్ద ప్రొఫెసర్ నవ్వలేదు.

“ఆయన ఎక్కడున్నారు?”

“బయటే ఉన్నారు సార్, టిఫిన్‌తో.”

పిలిపించారు. నాన్న చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చాడు. క్షమాపణ చెబుతాడేమో అని నేను తల దించుకున్నాను. ఆయన బొమ్మ వైపు చూసి, ప్రొఫెసర్ వైపు చూసి, తన ప్లాంటు హిందీలో అడిగాడు. “సాబ్, యే నాప్ గరమ్ కా హై యా ఠండే కా?”

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఈ కొలతలు వేడి మీద తీశారా, చల్లారాక తీశారా అని. గైడు మేడం మెల్లగా కళ్లు తెరిచింది. ఆ కొలతలు తీసేటప్పుడు ప్రోటీన్ స్ఫటికాన్ని ద్రవ నైట్రోజన్ చలిలో గడ్డకట్టిస్తారని చెప్పింది.

“ఔర్ మందు పని చేసేది ఒంట్లో కదా. వెచ్చగా ఉంటాది కదా,” అన్నాడు నాన్న, హిందీ సగంలో వదిలేసి. మళ్లీ ప్రొఫెసర్ కోసం ఒక్క మాట కలిపాడు. “తో అలవెన్స్?”

వెచ్చటి ఒంటికి తగ్గట్టు ఈ కొలతలు పెంచొద్దా అని అడుగుతున్నారని నేను హిందీలో విడమర్చాను. “ప్రోటీన్ ఇనుము కాదు భాయ్, అంతలా ముడుచుకోదు,” అన్నాడు ప్రొఫెసర్.

“ఎంత ముడుచుకుంటుందో ఎవరైనా చూశారా సాబ్?” నాన్న గొంతులో వెటకారం లేదు. పక్క వర్క్‌షాపు వాడిని అడిగినట్టు అడిగాడు.

ప్రొఫెసర్ నా సంచీలోని ఉక్కు స్కేలు అడిగి తీసుకుని, తన జేబులోని చిన్న స్కేలు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని సంతకం పెట్టాడు. “ఆక్సిజన్‌దీ చెయ్యి, గంధకందీ చెయ్యి. ఆ గోడ వెచ్చగా ఉన్నప్పుడు ఎలా కదులుతుందో కూడా చూడు. ఏది అంటుతుందో గోడనే అడుగుదాం,” అన్నాడు. నేను బయటికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. నాన్న టిఫిన్ మూత తీశాడు.

తిరుగు రైలు చరోదా యార్డు దగ్గర గూడ్సు బండి కోసం ఆగింది. అంతవరకూ కిటికీలోంచి చూస్తున్న నాన్న ఇటు తిరిగాడు.

“అమ్మీ, స్కేలు సంగతి మీ అమ్మకి సెప్పకు.”

“ఎందుకు నాన్నా? తప్పు గోడలది కదా?”

ఆయన తన వాటా గారె తీసి నా చేతిలో పెట్టాడు. లంచం పుచ్చుకున్నాను.

మాట మూడేళ్లు నిలబెట్టుకున్నాను. మూడేళ్లకి రెండు అణువులూ తయారయ్యాయి. ఆక్సిజన్‌ది ప్రోటీన్ల జోలికే పోలేదు. గంధకంది వాటి పట్టుని కాస్త, కాస్తంటే కాస్తే, సడలించింది. మందు అనడానికి ఆమడ దూరం. థీసిస్‌లో ఒక పేరా. గంధకానికి జిడ్డు స్వభావం ఎక్కువ, అందువల్ల అంటుకుని ఉండొచ్చు, నీ స్కేలుకీ దానికీ సంబంధం లేకపోవచ్చు అని నాన్నకి విడమర్చి చెప్పాను. ఆయన వింటేనా. ఆ సాయంత్రం వీధిలో కనిపించిన ప్రతివాడికీ తన స్కేలు గొప్ప చెప్పుకున్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. మూడేళ్లు చేతులు కాల్చుకుని అణువు చేసింది నేను.

నేరుగా వంటింట్లోకి వెళ్లి, ఫ్రిజ్ మీది మందిరం తుడుస్తున్న అమ్మకి మొత్తం చెప్పేశాను. మందిరం, పుస్తకాల అర, బల్ల, అన్నీ ఆ స్కేలు పనేనని. అమ్మ గుడ్డ దులుపుకుంది.

“నాకెప్పుడో తెల్సు. నువ్వు నాలుగు సదివినప్పుడే నీ బళ్లో స్కేలెట్టి కొల్సేను.”

“మరి ఆయనకి చెప్పలేదేం?”

“ఆయన గోడని తిట్టుకుంటే గోడకేటి నొప్పి?” అంది అమ్మ, పెరుగు తీయడానికి ఫ్రిజ్ తలుపు లాగుతూ. పైన గంట మోగింది.